తాళంచెవి తిప్పకండి

నీట మునిగి తేలిన కారు చుట్టూ పదిమంది చేరితే వారిలో ఒకరైనా తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఒకసారి స్టార్ట్ చేసి చూడకపోయారా?" సానుభూతితోనే అడుగుతారు. కాని మునిగిన ఇంజన్లలో ఎక్కువ భాగాన్ని చంపేది వరద నీరు కాదనీ, ఆ ప్రశ్న విని తాళంచెవి తిప్పిన చెయ్యేననీ నా అభిప్రాయం. అభిప్రాయం అనడం వినయం కోసమే. ఒక పాత కారు విషయంలో దీన్ని దగ్గరగా చూశాను.

మాది కొడంగల్. ఆ కారు మా నాయనది, 1984 నాటి అంబాసిడర్. ఆయన దాన్ని పాతదిగానే కొన్నాడు. కందుల వ్యాపారం చేసేవాడు గనుక తాండూరు పప్పుమిల్లులకు నమూనా సంచులు డిక్కీలో వేసుకొని వారానికి మూడు సార్లయినా ఆ ఇరవై కిలోమీటర్లు వెళ్ళి వచ్చేవాడు. (అప్పట్లో కొడంగల్‌ది మహబూబ్‌నగర్ జిల్లా, తాండూరుది రంగారెడ్డి జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు రెండూ వికారాబాదు జిల్లాలో కలిశాయి. కారుకు ఈ సంగతి పట్టినట్టు లేదు, ఎప్పుడూ ఒకే దారిన నడిచింది.) నాయన పోయిన తరువాత బండిని హైదరాబాదుకు తెచ్చుకున్నాను. అమ్ముదామన్న మాట ఇంట్లో రెండు మూడుసార్లు వచ్చింది. "అమ్మేటట్లయితే ముందు నన్నడుగుండ్రి" అని అమ్మ అన్నది. ఆ తరువాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదు మీద కురిసిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్లు పడింది. చెరువులు నిండి, కట్టలు తెగి, కార్లు వీధుల్లో పడవల్లా కొట్టుకుపోయిన దృశ్యాలు దేశమంతా చూసింది. మా కాలనీ కూడా ఒక చెరువు కిందిదే. చెరువు కింద కాలనీ ఎందుకుండాలి అన్న ప్రశ్న వేరే సంగతి. దాన్ని మొదలుపెడితే 1908 మూసీ వరద దాకా పోవలసి వస్తుంది, అందుకని వదిలేస్తున్నాను. తెల్లవారి చూస్తే సెల్లార్‌లో అంబాసిడర్ కప్పు, అద్దాల పై అంచు మాత్రమే కనబడుతున్నాయి. మూడు రోజులు అలాగే ఉన్నది. నీరు కొంత తీసిందనుకునేలోగా 17వ తేదీ సాయంత్రం మళ్ళీ వాన.

తాండూరులో నాయన కాలం నుంచీ ఆ బండిని చూసే ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు. నాపరాళ్ళు మోసే లారీల మీద చెయ్యి తిరిగినవాడు. ఫోన్ చేశాను. పలకరింపు కూడా లేకుండా ఆయన అడిగిన మొదటి మాట ఇది:

"చాబీ తిప్పిండ్రా సార్?"

లేదన్నాను.

"ఇంకెవ్వలన్న తిప్పిండ్రా? పోరగాండ్లు గిట్ల?"

ఎవరూ తిప్పలేదన్నాను.

"గట్లయితే బండి బతికే ఉన్నది. బ్యాటరీ తీగ పీకుండ్రి ముందు. ప్లగ్గులు ఇప్పి పెట్టుండ్రి. నూనె గురించి రేపు మాట్లాడుదాం."

ఈ నాలుగు మాటల వెనుక ఉన్న లెక్క ఏమిటో తరువాత కూర్చొని వేసుకున్నాను. ఆ కాలపు అంబాసిడర్ పెట్రోలు ఇంజను 1489 సి.సి. నాలుగు సిలిండర్లు గనుక ఒక్కొక్కటి సుమారు 372 సి.సి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు లోపలి గాలిని ఏడింతలకు కాస్త మించి నొక్కుతుంది. అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీ అరవై మిల్లీలీటర్లు. ఇరానీ హోటల్లో ఇచ్చే చిన్న కప్పు చాయ్ కూడా నిండా పట్టదు అందులో. గాలి నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. సిలిండర్‌లో ఆ ఖాళీకి మించి నీరున్నప్పుడు తాళంచెవి తిప్పితే సెల్ఫ్ మోటారు పిస్టన్‌ను ఆ నీటి మీదికి బలవంతాన నెడుతుంది. నీరు లొంగదు గనుక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒకవేళ ఇంజను అందుకొని తిరిగితే వంగినది విరిగి, బ్లాకుకు చిల్లి పెట్టుకొని బయటికి వస్తుంది. డీజిల్ ఇంజను గాలిని ఇంకా ఎక్కువగా, ఇరవై ఇంతల దాకా నొక్కుతుంది గనుక దానికి రెండు మూడు చెంచాల నీరే చాలు.

ఇది గ్రంథజ్ఞానంగా మిగిలిపోయేదే గాని, మా పక్క ఫ్లాటు పెద్దమనిషి కారు దీన్ని కళ్ళకు కట్టింది. ఆయనది ఎనిమిదేళ్ళ వయసున్న, చక్కగా చూసుకున్న బండి. నీరు తీసిన మరునాడు బానెట్ తుడిచి, సీట్లు తుడిచి, దేవుణ్ణి తలచుకొని బటన్ నొక్కాడు. 'ఠక్'మని ఒక్క చప్పుడు. అంతే. ఆ తరువాత బీమా సంస్థ పంపిన సర్వేయరు ఇంజను విప్పించి, వంగిన రాడ్ చూసి, ఇది వరద వల్ల కలిగిన నష్టం కాదు, మునిగిన బండిని నడపబోయినందువల్ల కలిగిన పర్యవసాన నష్టం అని రాశాడు. మామూలు పాలసీలో వరదకు రక్షణ ఉన్నది. దెబ్బతిన్న బండిని బాగు చేయించకుండా నడిపితే పెరిగే నష్టం మాత్రం యజమాని నెత్తినే పడుతుంది. ఇంజను రక్షణ కోసం విడిగా రైడర్ కొనుక్కోవాలి. ఆయన కొనుక్కోలేదు. ఎంతమంది కొనుక్కుంటారు? నిజానికి పాలసీ కాగితంలో ఇరవయ్యో పుటలో ఉన్న ఈ వాక్యాన్ని స్టీరింగ్ మీద ఎర్ర అక్షరాలతో అంటించి అమ్మాలి.

నా అంబాసిడర్‌కున్నది మూడో పక్షం బీమా మాత్రమే గనుక నాకు సర్వేయరు బాధ లేదు. బాధంతా కాలంతోనే. మునిగి ఉన్నంతసేపూ ఇనుము అంతగా తుప్పు పట్టదు. నీరు తీసి గాలి తగిలిన క్షణం నుంచి మొదలవుతుంది. సిలిండర్ గోడకు తుప్పు పట్టి పిస్టన్ రింగులు అతుక్కుపోతే ఇక బోరు చేయించడమే. అందుకని ఉస్తాద్ ఫోన్‌లో చెబుతుండగా, బురదలో మోకాళ్ళ మీద కూర్చొని ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో రంధ్రంలో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోశాను. జీవితంలో పానా పట్టింది అదే మొదటిసారి. మూడో ప్లగ్గుకు అరగంట పట్టింది. అమెరికాలో ఉన్న మా తమ్ముడు వీడియో కాల్‌లో ఈ తతంగమంతా చూసి "అన్నా, వదిలెయ్యి. తుక్కుకు ఇచ్చేసి అమ్మకు మంచి ఫోటో ఒకటి కట్టించు" అన్నాడు. తుక్కు వ్యాపారి అప్పటికే వచ్చి చూసి వెళ్ళాడు. ఇరవై మూడు వేలు ఇస్తానన్నాడు.

తాండూరు నుంచి హైదరాబాదుకు బండలు తెచ్చిన లారీ ఒకటి ఖాళీగా తిరిగిపోతుంటే ఉస్తాద్ మాట్లాడి పెట్టాడు. లారీని వెనక్కు తెచ్చి ఒక మట్టిదిబ్బకు ఆనించి, ఎనిమిదిమందిమి తోసి బండిని ఎక్కించాము. నేను డ్రైవర్ పక్కన కూర్చున్నాను. వికారాబాదు దాటుతుండగా ఒక సంగతి తోచింది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుగా పారి హైదరాబాదుకు వెళుతుంది. అదే కొండల నీళ్ళతో కాగ్నా పడమరగా పారి, తాండూరు పక్క నుంచి పోయి భీమానదిలో కలుస్తుంది. హైదరాబాదు నీళ్ళు తాగి చచ్చిన బండిని కాగ్నా ఒడ్డుకు తీసుకుపోతున్నాను.

ఉస్తాద్ షెడ్డులో మొదటి రోజు ఇంజను జోలికి పోలేదు. సీట్లూ తలుపుల అట్టలూ విప్పి ఎండలో వేయించాడు. రెండో రోజు చాంబర్ కింది బోల్టు విప్పాడు. నేను నల్లని నూనె వస్తుందని చూస్తున్నాను; ధారగా నీళ్ళు వచ్చాయి. నీటికన్నా నూనె తేలిక గనుక నీరు అడుగుకు దిగి ఉంటుంది. తెల్లని నీళ్ళు, ఆ తరువాత బురద నీళ్ళు, ఆ తరువాత గాని నూనె రాలేదు. అది పలచని పాల చాయ్ రంగులో ఉండి ఉంటే ఇంజను నీటితో పాటు తిరిగినట్టు లెక్క అని ఆయన అన్నాడు. నల్లగానే వచ్చింది. అది చూసి మొట్టమొదటిసారి ఆయన నవ్వాడు.

తరువాత హ్యాండిల్ తెమ్మన్నాడు. ఆ కాలపు అంబాసిడర్ వాడినవారికి తెలుసు, బంపర్ మధ్యలోని రంధ్రం గుండా హ్యాండిల్ దూర్చి ఇంజనును చేత్తో తిప్పవచ్చు. చలికాలం ఉదయాల్లో నాయన హ్యాండిల్ కొట్టడం నాకు బాగా గుర్తు. బొటనవేలు పైకి మడవకూడదు, ఇంజను ఎదురు తన్నితే మణికట్టు పోతుంది అని చెప్పేవాడు. ప్లగ్గులన్నీ తీసి ఉన్నాయి. ఉస్తాద్ హ్యాండిల్‌ను పావు చుట్టు తిప్పి ఆగాడు. మళ్ళీ కాస్త. మళ్ళీ ఆగాడు. రెండో సిలిండర్ రంధ్రం నుంచి బురద నీరు ఎగిరి ఆయన చొక్కా మీద పడింది. "తెలుస్తది సార్ చేతికి. గట్టిగ తగిలితే ఆగాలె. చాబీకేం తెలుస్తది?" అన్నాడు.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలో ఉన్నది. మనిషి చెయ్యి అడ్డు తగిలితే ఆగుతుంది. సెల్ఫ్ మోటారుకు అడ్డు అంటే ఏమిటో తెలియదు. అంబాసిడర్ బతకడానికి దాని గొప్పతనం కారణం కాదు. బ్రిటన్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద 1950లలో రూపొందిన మోటు యంత్రం అది. పెట్రోలు తాగుతుంది, మలుపుల్లో ఓడలా వంగుతుంది, బ్రేకుల గురించి మాట్లాడకపోవడమే మర్యాద. కాని అందులో ప్రతి భాగమూ విప్పవచ్చు; విప్పినది తుడవవచ్చు; తుడిచినది మళ్ళీ బిగించవచ్చు. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే పాయింట్లు, కండెన్సర్. ఎండబెట్టి ఉప్పు కాగితంతో రుద్దితే చాలు. ఆ పని చేయడానికి చదవవలసిన కోడ్ లేదు, అడగవలసిన కంపెనీ లేదు.

అయితే ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. కొత్త కార్ల విషయంలో సర్వేయరు 'టోటల్ లాస్' అని రాయడం చాలాసార్లు న్యాయమే. ఇంజను బాగుపడినా, కంప్యూటర్ పెట్టెలోకీ వైర్ల కీళ్ళలోకీ వెళ్ళిన బురద నీరు ఆరు నెలల తరువాత పచ్చని చిలుముగా బయటపడుతుంది. ఒకసారి మునిగిన ఎయిర్‌బ్యాగ్‌ను నమ్మి పిల్లల్ని కూర్చోబెట్టలేము. నా ఫిర్యాదు అది కాదు. 'బాగుచేత ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కారు పోయినట్టే' అన్న సూత్రాన్ని మనం బీమా కాగితం మీంచి తీసి బుర్రల్లోకి ఎక్కించుకున్నాము. బీమావాళ్ళ పట్టికలో నాలుగేళ్ళు దాటిన బండి విలువ సగమవుతుంది. అయిదేళ్ళ తరువాత పట్టికే లేదు, ఇద్దరూ ఒప్పుకున్నంత. బీమా సంస్థ తాను ఎంత చెల్లించాలో తేల్చుకోవడానికి పెట్టుకున్న లెక్క అది. బండి ఇంకా నడుస్తుందా లేదా అన్నదానికి ఆ లెక్కతో సంబంధం లేదు. అయినా మనం పాత వస్తువు ఏది పాడైనా "దీని విలువకన్నా రిపేరు ఎక్కువ" అని అదే సూత్రం వల్లిస్తాము. విలువ అంటే అమ్మితే వచ్చేదేనా?

నా ఖర్చు చెబుతాను, తీర్పు మీరే చెప్పండి. క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోయింది, మార్చాము. గేర్‌బాక్సులోకీ క్రౌన్‌లోకీ గాలి రంధ్రాల గుండా నీరు వెళ్ళింది, ఆ నూనెలు మార్చాము. చక్రాల బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టాము. బ్రేకు డ్రమ్ములు విప్పితే పిడికెడు పిడికెడు ఒండ్రు. పెట్రోలు ట్యాంకు దింపి అడుగునున్న నీరు పారబోశాము. సెల్ఫూ డైనమో విప్పి ఆరబెట్టి, సెల్ఫ్‌కు మాత్రం తీగ మళ్ళీ చుట్టించాము. చాంబర్ మొత్తం దింపి కడిగాము, ఎందుకంటే నీటికన్నా ప్రమాదం ఒండ్రు. బేరింగుల మధ్య చేరితే గరగరా అరగదీస్తుంది. కొన్ని సామాన్లు సికింద్రాబాదు రాణిగంజ్‌లో దొరికాయి. 2014లో ఉత్తరపాడా కార్ఖానా మూతపడి అంబాసిడర్ తయారీ ఆగిపోయింది గనుక కొన్ని వెతకవలసి వచ్చింది. అంతా కలిపి నలభై ఒక్క వేలు, నెలా పది రోజులు. ఇంజను అందుకున్న రోజున అయిదు నిమిషాలు నడిపి ఆపి, కొత్తగా పోసిన నూనెను పారబోశాడు ఉస్తాద్. నాకు ప్రాణం ఉసూరుమన్నది. మరునాడు మళ్ళీ పోసి, మళ్ళీ పారబోశాడు. మూడోసారి పోసింది ఉంచాడు.

అంటే ఇరవై మూడు వేలు వచ్చే బండి మీద నలభై ఒక్క వేలు పెట్టాను. మా తమ్ముడి దృష్టిలో అరవై నాలుగు వేలు నష్టం. నా దృష్టిలో నలభై ఒక్క వేలకు నడిచే కారు ఒకటి వచ్చింది. ఆ డబ్బుకు ఇంకెక్కడ వస్తుంది?

వస్తుంది, ఒక చోట. అదే నాకు అన్నిటికన్నా అసహ్యం కలిగించిన భాగం. బండి షెడ్డులో ఉండగానే ఒక బ్రోకరు వచ్చి, పాలిష్ పట్టించి ఇస్తే తొంభై వేలకు అమ్మిపెడతానన్నాడు, "మునిగిన ముచ్చట చెప్పొద్దు" అన్న షరతు మీద. 2015 డిసెంబరు చెన్నై వరదల తరువాత కూడా మునిగిన కార్లను కడిగి, అత్తరు కొట్టి, దూరపు ఊళ్ళలో అమ్ముతారు జాగ్రత్త అన్న హెచ్చరికలు వినబడ్డాయి. అమెరికాలో వరదలో మునిగి బీమా కింద పోయిన కారు యాజమాన్య పత్రం మీద ఆ మచ్చ ముద్రించే పద్ధతి ఉన్నది. దాన్ని చెరిపే మోసగాళ్ళు అక్కడా ఉన్నారు, అది వేరు. మన ఆర్.సి.లో అటువంటి గడే లేదు. ఉండాలని నా గట్టి అభిప్రాయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, బైకులకూ ఆటోలకూ ప్రభుత్వం సహాయం ప్రకటించింది, మంచి పని. ఆ మునిగిన వాహనాల నంబర్లను రవాణా శాఖ దగ్గర రాసి పెట్టి ఉంటే ఇంకా మంచి పని అయ్యేది. ఒక పేద డ్రైవరు అప్పు చేసి కొనే ఆటో ఇదివరకు మునిగిందో లేదో తెలుసుకునే హక్కు అతనికి ఉన్నది. బాగుచేయడం వేరు, దాచిపెట్టడం వేరు. మునిగిన బండిని బతికించినవాడు దాని కథ కూడా చెప్పి అమ్మాలి, లేదా తానే వాడుకోవాలి.

పాత బండ్లు పొగ వదులుతాయి కదా అంటారు. వదులుతాయి. మన దేశంలో పెట్రోలు కార్లకు పొగ పరిమితులు వచ్చిందే నా బండి తయారైన తరువాత. అందుకని దాన్ని హైదరాబాదుకు మళ్ళీ తీసుకురాలేదు, కొడంగల్‌లోనే ఉంచాను. నెలకు రెండు మూడుసార్లు నడుస్తుంది. 2021లో కేంద్రం ప్రకటించిన తుక్కు విధానంలో, ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గని బండి పోవాలి అన్న మాట నాకు నచ్చింది, ఎందుకంటే అది వయసును గాక యోగ్యతను చూస్తుంది. ఫీజులు మాత్రం వయసునే చూస్తాయి: పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ 600 నుంచి 5,000 రూపాయలకు 2022 ఏప్రిల్‌లో పెరిగింది. యాభై ఏళ్ళు నిండితే 'వింటేజ్' అని గౌరవం దక్కుతుందట. మధ్యలో ఉన్నవాటికి అవమానమే గతి, మనుషుల్లాగే.

మరొకటి కూడా చెప్పకుండా ఉండలేను. మా జిల్లాలోనే 2021 ఆగస్టు చివర్లో మర్పల్లి మండలం తిమ్మాపూర్ దగ్గర పెళ్ళివారి కారు వాగులో కొట్టుకుపోయి ప్రాణాలు పోయాయి. నిలిచి ఉండగా మునిగిన బండి గురించే నేనిదంతా రాస్తున్నాను. పారే నీటిలోకి బండిని దింపే సందర్భంలో ఇంజను ఊసే అనవసరం. మోకాటి లోతు ప్రవాహం కారును ఎత్తేస్తుంది. అక్కడ తిప్పవలసింది చెవి కాదు, స్టీరింగ్, వెనక్కు.

బండి కొడంగల్ చేరిన రోజున అమ్మ బయటికి వచ్చి చుట్టూ తిరిగి చూసింది. ముందు తలుపు తీసి వాసన చూసి "ఇదేం కంపురా" అన్నది. ఎన్ని ఎండలు పెట్టినా ఆ కంపు పూర్తిగా పోలేదు. వానాకాలం వస్తే మళ్ళీ లేస్తుంది. డిక్కీ మూలల్లో ఎప్పుడు చెయ్యి పెట్టినా సన్నని ఒండ్రు అంటుతుంది, నాయన నాటి కందిగింజలు ఒకటి రెండు దానితో పాటు. ఈ మధ్య క్రౌన్ నుంచి సన్నని మోత వస్తున్నది. ఫోన్‌లో వినిపిస్తే ఉస్తాద్ కాసేపు విని, ఆదివారం తీసుకురమ్మన్నాడు, నడుపుకుంటూనే.